షేక్ రషీద్ ఎక్కిన మెట్లు, మన పిల్లల ముందున్న మెట్లు



సంక్రాంతి వచ్చిందంటే డెల్టా పల్లెల్లో ముగ్గులు, పందెం కోళ్లతో పాటు క్రికెట్ టోర్నమెంటు కూడా ఉంటుంది. టెన్నిస్ బంతి, ఎంట్రీ ఫీజు, గెలిచిన జట్టుకు కప్పు, కాస్త నగదు. మన యానాది కాలనీల నుంచి, ఎరుకల పేటల నుంచి, ఎ.కొండూరు, మైలవరం వైపు సుగాలి తండాల నుంచి జట్లు వెళుతూనే ఉంటాయి. గెలిచి కూడా వస్తాయి. రొయ్యల చెరువు గట్టు మీద పరుగెత్తి బౌలింగ్ నేర్చుకున్న కుర్రాడు ఊరి మోతుబరుల పిల్లల వికెట్లు పడగొట్టిన రోజులు మనలో చాలామందికి గుర్తున్నాయి.

ఆ కుర్రాడు ఆ తర్వాత ఏమయ్యాడు? ఇరవై ఏళ్లు దాటేసరికి పెళ్లి, పిల్లలు, కూలి పని. కప్పు మాత్రం కాలనీ గుడిలో దుమ్ము పట్టి ఉంటుంది. ఆట వచ్చినవాడు ఆటగాడు కాలేకపోవడం మన పేటల్లో ఎంత మామూలంటే, అది ఒక నష్టమని కూడా మనకు తోచదు.

అందుకే ఈ సంచికలో మన గడ్డ మీదే పుట్టిన ఒక యువ క్రికెటర్ తొలి అడుగుల చరిత్ర రాయాలనుకున్నాం. అతని పేరు షేక్ రషీద్, ఊరు గుంటూరు. అతను మన తెగవాడు కాడు. ఒక సాధారణ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. అయినా మన పక్క ఊరివాడు, మన కాలవ నీళ్లు తాగినవాడు. అతను ఏ వయసులో ఏ మెట్టు ఎక్కాడో, ఆ మెట్టు దగ్గర అతనికి ఏం అందిందో చూస్తే, మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది.

ఒకే ఏరు, రెండు ఒడ్లు

ముందు కొంచెం వెనక్కి వెళదాం.

భారత జట్టు తొలి టెస్టు మ్యాచ్ 1932 జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో మొదలైంది. ఆ జట్టుకు కెప్టెన్ సి.కె. నాయుడు. ఆయన పుట్టింది 1895లో నాగపూర్‌లో అయినా, వారి కుటుంబం మూలాలు మన మచిలీపట్నంలోనివి. అంటే భారత క్రికెట్ తొలి కెప్టెన్ కృష్ణా తీరపు తెలుగు కుటుంబం వాడు. ఈ మాట డెల్టా వాళ్లంతా గర్వంగా చెప్పుకుంటారు. మనమూ చెప్పుకుందాం.

అయితే అదే 1932లో అదే కృష్ణ ఒడ్డున మనవాళ్లు ఎలా ఉన్నారో కూడా చెప్పుకోవాలి. బెజవాడకు ఎదురుగా, ఏటి అవతల సీతానగరం ఉంది. అక్కడ సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్‌లో ఎరుకల కుటుంబాలను ఉంచారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలోనూ అంతే. 1871లో చేసిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకలనే కాదు, యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. ఏ తప్పూ చేయకపోయినా పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర. పెద్దలు హాజరు వేయించుకోవాలి. సెటిల్‌మెంట్ దాటి పక్క ఊరికి వెళ్లాలంటే చేతిలో చీటీ ఉండాలి.

ఒక పిల్లవాడు ఆటగాడు కావాలంటే ముందు ఊరు దాటగలగాలి. మంచి మైదానం పక్క ఊళ్లో ఉంటుంది, పోటీ జిల్లా కేంద్రంలో ఉంటుంది, ఎంపిక రాజధానిలో జరుగుతుంది. మన తాతల కాలంలో మనవాళ్లకు లేనిది సరిగ్గా ఆ ఊరు దాటే హక్కే.

ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ తేదీని విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం. మరుసటి ఏడాది, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ ఆడింది. దానికి కెప్టెన్‌గా వచ్చింది ఎవరో కాదు, 58 ఏళ్ల వయసులో సి.కె. నాయుడే. మన విముక్తికీ ఆంధ్ర క్రికెట్ పుట్టుకకూ మధ్య దూరం దాదాపు ఒక్క ఏడాదే. ఇద్దరం ఇంచుమించు ఒకే వయసువాళ్లం. కానీ ఆంధ్ర జట్టు ముందుకు నడిచిన దారిలో మన అడుగులు మాత్రం పడలేదు.

డెల్టాలో ఆట పెరిగిన తీరు

ఆ తర్వాత ఈ ప్రాంతం నుంచి పేరున్న ఆటగాళ్లు వచ్చారు. గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్ వికెట్ కీపర్‌గా భారత జట్టుకు 6 టెస్టులు, 17 వన్డేలు ఆడి, తర్వాత జాతీయ సెలక్షన్ కమిటీకి చైర్మన్ అయ్యారు. గుంటూరులోనే పుట్టిన అంబటి రాయుడు 2004 అండర్-19 ప్రపంచకప్‌లో భారత జట్టుకు కెప్టెన్.

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబర్ 24న భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే మూలపాడులో 2016 నవంబర్‌లో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు వన్డేలు ఆడాయి. చెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. కృష్ణా జిల్లా నుంచి రావి కల్పన 2015లో న్యూజిలాండ్ మీద భారత జట్టు తరపున వన్డేల్లోకి వచ్చింది. ఆమెది ఆటో నడిపి బతికిన ఇల్లు. ఇదే జిల్లా అమ్మాయి సబ్బినేని మేఘన కూడా భారత జట్టుకు ఆడింది.

అంటే మన చుట్టూ మైదానాలు ఉన్నాయి, అకాడమీలు ఉన్నాయి, దారి చూపించిన వాళ్లూ ఉన్నారు. విజయవాడకూ గుంటూరుకూ మధ్య మంగళగిరిలో ఆంధ్ర క్రికెట్ సంఘం పెద్ద మైదానం, శిక్షణ కేంద్రం వెలిశాయి. మన సీతానగరానికి అది ఎంతో దూరం లేదు.

నాన్న బండి మీద వెళ్లిన పిల్లవాడు

రషీద్ 2004 సెప్టెంబర్ 24న గుంటూరులో పుట్టాడు. తండ్రి చిన్న ప్రైవేటు ఉద్యోగి. కొడుకు చేతిలో ఆట ఉందని ముందు గుర్తించింది ఆయనే. గుంటూరు నుంచి మంగళగిరికి సుమారు 20 కిలోమీటర్లు. కొడుకును బండి మీద కూర్చోబెట్టుకుని ప్రాక్టీసుకు తిప్పేవారు. ఆ తిరుగుడుతో ఉద్యోగం వదులుకోవలసి వచ్చిందని, లెదర్ బాల్ ఖరీదు భరించలేక తక్కువ ధరకు వచ్చే సింథటిక్ బంతులు విసిరి సాధన చేయించేవారని తర్వాత పత్రికలు రాశాయి. ఇంట్లో డబ్బు తక్కువే. కానీ ఆ తండ్రి తన సమయాన్ని కొడుకు కోసం పెట్టాడు.

రషీద్ పేరు దేశవాళీ క్రికెట్‌లో మొదట గట్టిగా వినబడింది 2018-19లో. అప్పటికి అతనికి 14 ఏళ్లు. అండర్-16 పిల్లలకు బీసీసీఐ నడిపే విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఆ సీజన్ 674 పరుగులు చేశాడు. సగటు 168.5. సగటు అంత ఉందంటే అతన్ని అవుట్ చేయడం బౌలర్లకు ఎంత కష్టమైందో ఊహించుకోవచ్చు.

14 ఏళ్లన్న మాటను ఇక్కడ కాస్త పట్టుకుందాం. మన పేటల్లో ఆ వయసు పిల్లవాడు బడి మానాలా వద్దా అన్న దగ్గర ఉంటాడు. రషీద్ ఆ వయసుకే రాష్ట్ర జట్టులో నిలబడ్డాడు. క్రికెట్‌లో మొదటి మెట్టు అంత కిందే ఉంది. ఇరవై ఏళ్లకు సంక్రాంతి టోర్నమెంటులో ఎంత బాగా ఆడినా, ఆ మెట్టు అప్పటికే దాటిపోయి ఉంటుంది.

తర్వాతి మెట్టు అండర్-19. 2021 డిసెంబర్‌లో అండర్-19 ఆసియా కప్ సెమీఫైనల్లో బంగ్లాదేశ్ మీద రషీద్ 90 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత్ ఆ కప్పు గెలిచింది. ఆ వెంటనే వెస్టిండీస్‌లో జరిగిన 2022 ప్రపంచకప్‌కు అతను వైస్ కెప్టెన్‌గా వెళ్లాడు. అక్కడ కరోనా తగిలింది. కెప్టెన్ యశ్ ధుల్, రషీద్, మరికొందరు ఒకేసారి గదులకు పరిమితమయ్యారు. లీగ్ దశలో రెండు మ్యాచ్‌లు అతను ఆడలేకపోయాడు. దేశం కాని దేశంలో, 17 ఏళ్ల వయసులో, కప్పు కోసం వెళ్లి గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

కోలుకుని తిరిగి వచ్చాడు. ఫిబ్రవరి 2న ఆంటిగ్వాలో ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. భారత్ 37 పరుగులకే 2 వికెట్లు కోల్పోయింది. అప్పుడు ధుల్, రషీద్ కలిసి మూడో వికెట్‌కు 204 పరుగులు జోడించారు. ధుల్ 110 చేశాడు. రషీద్ 94 దగ్గర అవుటయ్యాడు. సెంచరీ 6 పరుగుల దూరంలో ఆగిపోయినా జట్టు 290కి చేరింది, 96 పరుగుల తేడాతో గెలిచింది. ఫిబ్రవరి 5న ఇంగ్లండ్‌తో ఫైనల్. లక్ష్యం 190. తొలి ఓవర్లోనే ఒక ఓపెనర్ వెనుదిరిగాడు. రషీద్ తొందరపడలేదు. ఓపికగా నిలబడి 50 పరుగులు చేశాడు. భారత్ 4 వికెట్ల తేడాతో గెలిచి అయిదోసారి కప్పు అందుకుంది.

అదే సంవత్సరం ఆంధ్ర తరపున రంజీ జట్టులోకి వచ్చాడు. డిసెంబర్‌లో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షల రూపాయలకు వేలంలో తీసుకుంది.

ఎదురుచూపు కూడా ఆటే

ఇక్కడి నుంచి కథ నేరుగా పైకి పోలేదు. మేము మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ భాగమే.

2023 ఐపీఎల్‌లో రషీద్‌కు ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2024లోనూ అంతే. ప్రపంచకప్ ఫైనల్లో అర్ధసెంచరీ కొట్టిన కుర్రాడు రెండేళ్లు పసుపు జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పిల్లల క్రికెట్ వేరు, పెద్దల క్రికెట్ వేరు. రంజీ మ్యాచ్ నాలుగు రోజులు నడుస్తుంది. అక్కడ పదేళ్లుగా బౌలింగ్ చేస్తున్న అనుభవజ్ఞులు ఎదురవుతారు. ఎందరో అండర్-19 వీరులు ఈ మలుపు దగ్గరే కనబడకుండా పోయారు.

రషీద్ పోలేదు. 2024 నవంబర్‌లో హైదరాబాద్‌తో రంజీ మ్యాచ్‌లో ఆంధ్ర తరపున 203 పరుగులు చేశాడు. అదే నెలలో జరిగిన పెద్ద వేలంలో చెన్నై జట్టు 30 లక్షలకు మళ్లీ తీసుకుంది. 2025 ఏప్రిల్ 14న లక్నోలో ఓపెనర్‌గా తొలి ఐపీఎల్ మ్యాచ్ ఆడి 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. మొదటిసారి వేలంలో పేరు పలికిన రోజు నుంచి మైదానంలో దిగిన రోజుకు రెండేళ్లకు పైగా పట్టింది.

ఆ కుర్రాడు ముందు ముందు ఎంత ఎత్తుకు వెళతాడో కాలం చెబుతుంది. ఇప్పటివరకు నడిచిన దారే మనకు చాలు. ఆ దారిలో అతనికి అందినవి లెక్కపెడితే నాలుగు. తనకోసం సమయం పెట్టిన పెద్దవాళ్లు. రోజూ వెళ్లి రాగల దూరంలో మైదానం. ఓడినా, కూర్చోబెట్టినా వదలని పట్టుదల. నాలుగోది ఎవరూ పొగడనిది, పత్రికలు రాయనిది. వయసు రుజువు చేసే కాగితం.

అప్పటి చీటీ, ఇప్పటి కాగితం

వయసు విభాగాల క్రికెట్‌లో జనన ధ్రువపత్రం లేనిదే పేరు నమోదు కాదు. అండర్-16 స్థాయిలో దానితోనూ సరిపోదు. మణికట్టుకు ఎక్స్‌రే తీసి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు లెక్కగడతారు. లెక్క పరిమితి దాటితే ఆ విభాగంలో ఆడనివ్వరు. వయసు దాచి ఆడేవాళ్లను ఆపడానికి పెట్టిన నియమం ఇది. మంచి నియమమే.

కానీ మన ఇళ్ల సంగతి చూడండి. మనలో చాలామంది పుట్టింది ఇంటి దగ్గరో, వలస వెళ్లిన చేను గట్టు మీదో. నమోదు చేయించినవాళ్లు లేరు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు పిల్లవాడి ఎత్తు చూసి జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేశారు. ఆధార్‌లో ఇంకో తేదీ. రేషన్ కార్డులో మరో వయసు. మాకు బాగా తెలిసిన ఒక కాలనీ కుర్రాడు ఎంపికల రోజు తెల్లవారుజామునే లేచి, అరువు తెచ్చుకున్న బూట్లతో బస్సెక్కి వెళ్లాడు. కాగితాల్లో తేదీలు కలవలేదు. బంతి చేతికి తీసుకోకుండానే తిరిగి వచ్చాడు. ఆపినవారి తప్పు లేదు, అబద్ధమాడినవారూ లేరు. అయినా ఆ కుర్రాడు మళ్లీ ఎంపికలకు వెళ్లలేదు.

మన తాతలకు ఊరు దాటడానికి చీటీ కావలసి వచ్చింది. మన పిల్లలకు మైదానంలోకి వెళ్లడానికి కాగితం కావలసి వస్తోంది. ఆ చీటీ మనల్ని కట్టేయడానికి పెట్టినది. ఈ కాగితం అలాంటిది కాదు. ఇది మన హక్కు, మనం అడిగి తీసుకోవలసినది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. మన దగ్గర ఆ పని ఆర్డీవో కార్యాలయం మీదుగా నడుస్తుంది. తిరగాలి, ఓపిక కావాలి, కానీ జరిగే పనే.

మనవాళ్లు నడిచిన దారులు

ఇదంతా మనవల్ల అవుతుందా అని అనుమానం వద్దు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్. సి.కె. నాయుడు లార్డ్స్‌లో టాస్‌కు వెళ్లడానికి నాలుగేళ్ల ముందే ఒక ఆదివాసీ దేశ జట్టును నడిపాడు.

క్రికెట్‌లో ఆ దారి ఆలస్యంగా తెరుచుకుంది. కేరళ వయనాడ్‌లో కురిచియ తెగ అమ్మాయి మిన్ను మణి కూలి కుటుంబం నుంచి వచ్చింది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్‌కు ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంది. అదే ఏడాది జూలై 9న మీర్పూర్‌లో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరపున దిగి తొలి ఓవర్లోనే వికెట్ తీసింది. వాళ్ల మానంతవాడి పట్టణంలో ఒక కూడలికి ఆమె పేరు పెట్టారు. జార్ఖండ్ గుమ్లా జిల్లా ఆదివాసీ కుర్రాడు రాబిన్ మింజ్‌ను 2023 డిసెంబర్ వేలంలో గుజరాత్ టైటాన్స్ 3.6 కోట్లకు తీసుకుంది. అతని తండ్రి సైన్యంలో చేసి, తర్వాత రాంచీ విమానాశ్రయంలో భద్రతా సిబ్బందిగా పని చేశారు. బండి ప్రమాదంలో గాయపడి రాబిన్ ఆ సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. మరుసటి వేలంలో ముంబై ఇండియన్స్ 65 లక్షలకు తీసుకుంటే 2025లో ఐపీఎల్‌లో అడుగుపెట్టాడు. ధర తగ్గింది కానీ ఆట ఆగలేదు.

ఐపీఎల్ అందరికీ రాదు. అది రాకపోతే బతుకు లేదనుకోవద్దు. రంజీ తుది జట్టులో ఆడే కొత్త ఆటగాడికి కూడా రోజుకు 40 వేల రూపాయల మ్యాచ్ ఫీజు ఉంది. అంపైర్లు, స్కోరర్లు, ఫిజియోలు, పిచ్ తయారుచేసే క్యూరేటర్లు, వీళ్లంతా ఈ ఆట మీద బతికేవాళ్లే.

ఇక మనం చేయాల్సింది

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చదువుకున్నవాళ్లను మేము అడిగేది పెద్దదేమీ కాదు. మీ పేటలో పదేళ్లలోపు పిల్లల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరికి జనన ధ్రువపత్రం ఉందో, ఎవరికి లేదో పక్కన రాయండి. లేనివాళ్ల తల్లిదండ్రులను వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లండి. బడి రికార్డులో, ఆధార్‌లో తేదీ ఒకటే ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. మిరప కోతలకు ఇల్లంతా కదిలేటప్పుడు ఆడగలిగే పిల్లనో పిల్లవాణ్నో అమ్మమ్మ దగ్గరో, హాస్టల్‌లోనో ఉంచమని చెప్పండి. జిల్లా ఎంపికలు ఎప్పుడో కనుక్కుని ముందుగా చెప్పండి. ఆ రోజు కూలి పోయినా సరే, ఒక పెద్దవాళ్లు తోడు వెళ్లండి.

రషీద్‌ను బండి మీద తిప్పింది ఒక్క తండ్రి. మన పిల్లలకు అలా తిరగగలిగే తండ్రి అందరికీ ఉండడు. అక్కడ మనం ఉండాలి. సీతానగరం నుంచి మంగళగిరికి ఇప్పుడు ఎవరి చీటీ అక్కర్లేదు. తెల్లారితే బస్సు ఉంది. రేపు పొద్దున ఆ బస్సెక్కే పిల్లవాడి పక్క సీట్లో మనలో ఒకరు కూర్చుని ఉండాలి, అతని కాగితాల సంచి మన ఒళ్లో ఉండాలి.